నడుస్తున్న సైట్‌ని ఆపకుండా బ్యాకప్ ఎట్ల తీయాలి: లైనక్స్ సర్వర్ ఉన్నోళ్లకు

"అన్నా, సైట్ లైవ్‌లో ఉంది, ఆపకుండా బ్యాకప్ తీయొచ్చా?" అని అడిగేటోళ్లు ఆగట్లేదు. అమీర్‌పేటలో లైనక్స్ కోర్సు అయిపోంగనే మొదటి ఉద్యోగంలో చేరినోళ్లు, బేగంబజార్‌లో దుకాణం నడుపుతూ ఆన్‌లైన్‌లో కూడా అమ్మేటోళ్లకు సైట్ చేసిచ్చిన ఫ్రీలాన్సర్లు, అందరిదీ ఇదే ప్రశ్న. తీయొచ్చు. రోజూ తీస్తరు. ఒక్కొక్కరికి వాయిస్ మెసేజ్ పెట్టే బదులు మొత్తం ఒక్కచోట రాసేస్తున్నా.

ఫైళ్లు కాపీ చేసుడు పెద్ద పనేం కాదు, ఒక్క కమాండ్. అసలు తిప్పలు ఏందంటే బ్యాకప్ తీస్తూ తీస్తూ నడుస్తున్న సైట్‌నే పడగొట్టుడు. డిస్క్ నిండిపోతది, లేకుంటే లోడ్ పెరిగి సైట్ ఉరికే బదులు పాకుతది, లేకుంటే అటు నుంచి ఇటు పోవాల్సిన కాపీ ఇటు నుంచి అటు పోయి పాత ఫైళ్లు కొత్తవాటి మీద కూర్చుంటయి. అందుకే కింద చెప్పేదాంట్లో సగం జాగ్రత్తలే ఉంటయి, వాటిని దాటేసి కమాండ్లు మాత్రం ఏరుకోకండి.

నేను అనుకుంటున్న సెటప్: ఉబుంటు లేదా డెబియన్, దాని మీద ఎన్‌జింక్స్ లేదా అపాచీ, పీహెచ్‌పీ సైట్ (ఎక్కువమందిది వర్డ్‌ప్రెస్సే), వెనక మైఎస్‌క్యూఎల్ లేదా మరియాడీబీ. కమాండ్లు ఫోన్‌లో పక్కోడికి చెప్పినట్టు తెలుగు అక్షరాల్లోనే చెప్తా, కొట్టేటప్పుడు మీరు ఇంగ్లీషులో కొట్టుకోండి. "పెద్ద" అన్నకాడ క్యాపిటల్ అక్షరం.

ముందు చేతిలో ఉండాల్సినవి

- సర్వర్‌కి ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ (దూరం నుంచి సర్వర్‌లోకి పోయి కమాండ్లు కొట్టే దారి), సుడో హక్కు (అడ్మిన్ లెక్క కమాండ్లు నడిపే అనుమతి)
- డేటాబేస్ పేరు, యూజర్, పాస్‌వర్డ్ (వర్డ్‌ప్రెస్ అయితే డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఫైల్లో ఉంటయి)
- బ్యాకప్ పెట్టడానికి ఇంకో చోటు: వేరే సర్వర్, క్లౌడ్ స్టోరేజ్, లేదా సికింద్రాబాద్ సీటీసీకి పోయి కొనుక్కొచ్చిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ అయినా సరే
- రీస్టోర్ చేసి చూసుకోడానికి ఒక చిన్న టెస్ట్ మెషిన్. లాప్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ పెట్టుకున్నా చాలు

ఆఖరిది చాలామంది వద్దనుకుంటరు. వద్దనుకోకండి, ఎందుకో 9వ స్టెప్పులో తెలుస్తది.

1. ఏది ఎక్కడుందో రాసుకోండి

సైట్ అంటే వార్ కింద ఉన్న డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఫోల్డర్ ఒక్కటే అనుకుంటే అక్కడే దెబ్బతింటరు. ఎన్‌జింక్స్ అయితే "ఎన్‌జింక్స్ డాష్ పెద్ద టి" అని కొడితే మొత్తం కాన్ఫిగ్ బయటికి పోస్తది, అందులో "రూట్" అని మొదలయ్యే లైన్లు చూడండి, సైట్ ఫైళ్లు నిజంగా ఏ ఫోల్డర్ నుంచి పోతున్నయో అక్కడ ఉంటది. అపాచీ అయితే "అపాచీసీటీఎల్ డాష్ పెద్ద ఎస్" కొడితే ఏ సైట్‌కి ఏ కాన్ఫిగ్ ఫైలో చూపిస్తది, ఆ ఫైల్లో డాక్యుమెంట్‌రూట్ లైన్ చూడండి.

తర్వాత సింబాలిక్ లింకులు, అంటే వేరేచోట ఉన్న అసలు ఫైల్‌కో ఫోల్డర్‌కో దారి చూపించే గుర్తులు. అప్‌లోడ్స్ ఫోల్డర్‌ని వేరే పెద్ద డిస్క్ మీద పెట్టి సైట్ ఫోల్డర్లో దానికి లింక్ మాత్రం ఇచ్చి ఉంటరు, మీ కంటే ముందు పనిచేసినాయన చేసిపోయి ఉంటడు, మీకు తెల్వదు. టార్ (ఫోల్డర్‌ని ఒక్క ఫైల్‌గా మూటకట్టే కమాండ్) అయినా ఆర్‌సింక్ (మారినవాటినే కాపీ చేసే కమాండ్) అయినా మామూలుగా లింక్‌ని లింక్ లాగనే దాచుకుంటయి, లోపలున్న ఫోటోలు రావు. "ఫైండ్, సైట్ ఫోల్డర్, డాష్ టైప్, ఎల్" అని కొట్టి ఏమేం లింకులున్నయో చూసి, అవి చూపిస్తున్న అసలు ఫోల్డర్లు కూడా లిస్టులో చేర్చండి.

ఇవి కూడా మర్చిపోవద్దు: ఈటీసీ కింద ఎన్‌జింక్స్ లేదా అపాచీ2 ఫోల్డర్, పీహెచ్‌పీ సెట్టింగ్స్, లెట్స్‌ఎన్‌క్రిప్ట్ ఫోల్డర్ (మొత్తం తీయండి, "లైవ్" అనే సబ్‌ఫోల్డర్ ఒక్కటే తీస్తే అందులో ఉండేవి లింకులే, అసలు సర్టిఫికెట్లు "ఆర్కైవ్" లో ఉంటయి), క్రాన్‌ట్యాబ్ (టైమ్ ప్రకారం తనంతట తానే నడిచే పనుల లిస్ట్, దాన్ని నడిపేది క్రాన్). క్రాన్‌ట్యాబ్ ప్రతి యూజర్‌కి వేరేగా ఉంటది కాబట్టి రూట్‌దీ, వెబ్ యూజర్‌దీ రెండూ చూడండి.

2. జాగా ఉందా చూడండి

"డీఎఫ్ డాష్ హెచ్" కొడితే ఏ డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో వస్తది. "డీయూ డాష్ ఎస్‌హెచ్, సైట్ ఫోల్డర్" కొడితే సైట్ ఎంత సైజుందో వస్తది. ఫోటోలు, వీడియోలు ముందే కంప్రెస్ అయి ఉంటయి కాబట్టి జిప్ చేసినా పెద్దగా తగ్గవు, 20 జీబీ ఫోటోలుంటే బ్యాకప్ కూడా దగ్గర దగ్గర 20 జీబీ అనే అనుకోండి. డిస్క్ పూర్తిగా నిండితే ఏమైతదో తెలుసు గదా, డేటాబేస్ రాయలేక ఆగిపోతది, సెషన్లు సేవ్ కావు, లాగ్‌లు ఆగుతయి, సైట్ తెల్ల పేజీ చూపిస్తది. బ్యాకప్ కోసం పోయి సైట్ పోగొట్టుకునుడు అంటే ఇదే.

"డీఎఫ్ డాష్ ఐ" కూడా ఒకసారి కొట్టండి. ఖాళీ జీబీల్లో ఉన్నా ఐనోడ్లు (ప్రతి ఫైల్‌కి ఒకటి ఖర్చయ్యే లెక్క) అయిపోతే కొత్త ఫైల్ పుట్టదు. క్యాష్ ప్లగిన్లు చిన్న చిన్న ఫైళ్లు లక్షల్లో పెట్టే సైట్లలో ఇది జరుగుతది.

జాగా లేదా? అప్పుడు సర్వర్ మీద ఫైల్ తయారు చేయకుండా నేరుగా బయటికి పంపేయండి. టార్‌కి ఫైల్ పేరు బదులు ఒట్టి డాష్ ఇస్తే డేటా పైపులోకి వస్తది, ఆ పైపుని ఎస్‌ఎస్‌హెచ్‌కి కలిపి అవతలి మెషిన్‌లో ఫైల్‌గా పడేట్టు చేయొచ్చు. లేకుంటే 6వ స్టెప్పులో ఉన్న ఆర్‌సింక్ దారి పట్టండి.

3. బ్యాకప్ ఎక్కడ పెడుతున్నరో చూసుకోండి

ఇది చిన్న స్టెప్పే కానీ ఇక్కడ జరిగే తప్పు మస్తు డేంజర్. బ్యాకప్ ఫైల్‌ని సైట్ ఫోల్డర్ లోపల పెట్టకండి. అందులో పెట్టి దానికి "బ్యాకప్ డాట్ జిప్" అని పేరు పెడితే బ్రౌజర్‌లో ఆ అడ్రస్ కొట్టినోడు ఎవడైనా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ఇట్లాంటి పేర్లనే వెతుక్కుంటూ తిరిగే బాట్లు రోజూ మీ యాక్సెస్ లాగ్‌లో కనిపిస్తయి, కావాలంటే చూడండి. అందులో మీ డేటాబేస్ పాస్‌వర్డ్, కస్టమర్ల ఫోన్ నంబర్లు అన్నీ ఉంటయి. ఇంకో తలనొప్పి కూడా ఉంది, రేపటి బ్యాకప్ నిన్నటి బ్యాకప్‌ని కూడా మింగి రోజురోజుకి ఉబ్బుతది.

వార్ కింద బ్యాకప్స్ అని ఫోల్డర్ పెట్టి, ఓనర్ రూట్, పర్మిషన్ 700 పెట్టండి. స్క్రిప్ట్ రాస్తే మొదటి లైన్లలో "యూమాస్క్ 077" పెడితే తయారయ్యే ఫైళ్లు వేరే యూజర్లకు కనబడవు.

4. టైమ్

"రాత్రి మూడింటికి పెట్టు, ఎవరూ ఉండరు" అంటరు. మీ సైట్ ఏందో బట్టి ఉంటది. ఓల్డ్ సిటీలో ఫుడ్ ఆర్డర్లు తీసుకునే సైట్ అయితే రంజాన్ నెలలో సహరీ టైమ్‌కి ఆ మూడు గంటలకే రద్దీ ఉంటది. అమెరికాలో ఉన్న మనోళ్లు ఎక్కువ చూసే సైట్ అయితే మనకు అర్ధరాత్రి వాళ్లకు పట్టపగలు. ఊహించకండి, యాక్సెస్ లాగ్ తీసి గంటకి ఎన్ని రిక్వెస్టులు వచ్చినయో లెక్కేసి అన్నిటికంటే తక్కువ ఉన్న గంట పట్టుకోండి.

ఇంకోటి. క్లౌడ్ సర్వర్లు చాలావరకు యూటీసీ (ప్రపంచమంతా లెక్కకు పెట్టుకునే టైమ్) లో ఉంటయి. మనం దానికంటే 5 గంటల 30 నిమిషాలు ముందు. క్రాన్‌లో 2:30 అని రాస్తే అది మనకు పొద్దున 8 గంటలకు నడుస్తది, జనం ఫోన్లు పట్టుకునే టైమ్. మన 2:30 కావాలంటే 21:00 అని రాయాలి, అదీ యూటీసీ లెక్కలో ముందురోజు, అందుకే వారానికోసారి పెట్టే బ్యాకప్‌లో వారం పేరు కూడా ఒకటి వెనక్కి జరపాలి. "డేట్" అని కొడితే సర్వర్ ఏ టైమ్‌లో ఉందో తెలిసిపోతది.

మొదటిసారి చేత్తో తీసేటప్పుడు "టీమక్స్" లోపల నడపండి. మధ్యలో ఇంట్లో కరెంటు పోయినా వైఫై పోయినా సర్వర్ మీద పని ఆగదు, మళ్లీ లాగిన్ అయి "టీమక్స్ అటాచ్" కొడితే అక్కడి నుంచే కనబడతది. ఒట్టి ఎస్‌ఎస్‌హెచ్‌లో నడిపితే కనెక్షన్ తెగంగనే బ్యాకప్ కూడా సగంలో తెగుతది, ఆ సగం ఫైల్ మాత్రం పూర్తి బ్యాకప్ లెక్క ఫోల్డర్లో కూర్చుంటది.

5. ముందు డేటాబేస్, తర్వాత ఫైళ్లు

ఆర్డర్ ఎందుకంటే: వర్డ్‌ప్రెస్‌లో ఎవరైనా ఫోటో ఎక్కిస్తే ముందు ఫైల్ డిస్క్ మీద పడతది, తర్వాత దాని వివరం డేటాబేస్‌లో పడతది. మీరు డేటాబేస్ ముందు తీసి ఫైళ్లు తర్వాత తీస్తే, డేటాబేస్‌లో పేరున్న ప్రతి ఫోటో ఫైళ్లలో ఉంటది, మధ్యలో వచ్చిన ఒకటి రెండు ఎక్కువ ఫోటోలుంటే నష్టమేం లేదు. ఉల్టా చేస్తే డేటాబేస్‌లో పేరుంటది, ఫోటో ఉండదు, రీస్టోర్ చేసినాక పగిలిన బొమ్మలు కనబడతయి. మధ్యలో ఎవరైనా ఫోటో డిలీట్ చేస్తే తేడా రావొచ్చు, అది అరుదు.

వార్, లిబ్, మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్‌ని అట్లనే టార్ చేసేసేటోళ్లున్నరు. డేటాబేస్ నడుస్తుండగా అట్ల తీస్తే ఒక ఫైల్ ఒక క్షణంది, ఇంకో ఫైల్ ఇంకో క్షణంది, రెండూ అతకవు. వాడాల్సింది "మైఎస్‌క్యూఎల్‌డంప్" (కొత్త మరియాడీబీలో దీని పేరు "మరియాడీబీ-డంప్"), ఇది నడుస్తున్న డేటాబేస్‌ని ఒక టెక్స్ట్ ఫైల్‌గా బయటికి తీస్తది, ఆ ఫైల్‌నే డంప్ అంటరు.

దానికి ఇవ్వాల్సిన ఆప్షన్లు, ప్రతిదాని ముందు రెండు డాష్‌లు:

- "సింగిల్ డాష్ ట్రాన్సాక్షన్": డంప్ మొదలైన క్షణంలో డేటా ఎట్లుందో అట్లనే వస్తది, టేబుళ్లు లాక్ కావు, సైట్ ఆగదు. ఇది ఇన్నోడీబీ టేబుళ్లకే. మైఐఎస్‌ఏఎం టేబుళ్లకు ఈ గ్యారంటీ లేదు (ఇవి రెండూ టేబుల్ దాచే పద్ధతులు, వాటినే ఇంజిన్ అంటరు). మైఎస్‌క్యూఎల్ 5.5 నుంచి డిఫాల్ట్ ఇన్నోడీబీనే కానీ పాత సైట్లు మోసుకొచ్చిన టేబుళ్లు అట్లనే ఉండొచ్చు, "షో టేబుల్ స్టేటస్" కొట్టి ఇంజిన్ కాలమ్ చూడండి. ఉంటే కొంచెంసేపు లాక్ ఒప్పుకోవాలి, లేకుంటే వాటిని ఇన్నోడీబీకి మార్చుకోవాలి, కానీ బ్యాకప్ లేకుండా మార్చకండి!
- "రొటీన్స్", "ఈవెంట్స్": స్టోర్డ్ ప్రొసీజర్లు, ఈవెంట్లు ఉంటే. ఇవ్వకపోతే అవి రావు.
- "డిఫాల్ట్ డాష్ క్యారెక్టర్ డాష్ సెట్" ఈజీక్వల్టు "యూటీఎఫ్8ఎంబీ4": మన తెలుగు సైట్లోళ్లు ఇది వదలకండి. తెలుగు అక్షరానికి 3 బైట్లు, ఎమోజీకి 4 బైట్లు. పాత వర్షన్ల డంప్ 3 బైట్ల "యూటీఎఫ్8" తోనే తీస్తది, తెలుగు బాగనే ఉంటది కానీ కామెంట్లలో, ప్రాడక్ట్ పేర్లలో ఉన్న ఎమోజీలన్నీ ప్రశ్న గుర్తులైతయి, తెలుగు బాగుంది గదా అని మీకు వెంటనే తెల్వదు కూడా.

డంప్ నడుస్తున్నప్పుడు ప్లగిన్ అప్‌డేట్లు పెట్టుకోకండి, టేబుల్ ఆకారం మారితే సింగిల్ ట్రాన్సాక్షన్ కూడా కాపాడదు. "ప్రాసెస్ ప్రివిలేజ్ కావాలి" అని ఎర్రర్ వస్తే "నో డాష్ టేబుల్‌స్పేసెస్" అని ఇంకో ఆప్షన్ చేర్చండి, మామూలు సైట్‌కి దాంతో ఏం పోదు.

పాస్‌వర్డ్ కమాండ్‌లోనే కొట్టకండి, షెల్ హిస్టరీలో మిగిలిపోతది. హోమ్ ఫోల్డర్లో "డాట్ మై డాట్ సీఎన్‌ఎఫ్" అనే ఫైల్లో క్లయింట్ సెక్షన్ కింద యూజర్, పాస్‌వర్డ్ రాసి పర్మిషన్ 600 పెట్టండి, డంప్ అదే చదువుకుంటది.

ఇప్పుడు అందరూ పడే గుంత. డంప్‌ని పైపు పెట్టి జీజిప్‌కి (కంప్రెస్ చేసే కమాండ్) ఇస్తరు. డంప్ పాస్‌వర్డ్ తప్పై ఫెయిల్ అయినా జీజిప్ మాత్రం తన పని తాను హాయిగా చేసి "సక్సెస్" అని చెప్తది, షెల్ ఆఖరి కమాండ్ మాటే నమ్ముతది. ఫోల్డర్లో రోజూ తేదీ వేసుకుని ఫైల్ పడుతుంటది, సైజు చూస్తే 20 బైట్లు. స్క్రిప్ట్ పైన "సెట్ డాష్ ఓ పైప్‌ఫెయిల్" పెడితే పైపులో ఎవడు ఫెయిల్ అయినా తెలుస్తది.

6. ఫైళ్లు: టార్ లేదా ఆర్‌సింక్

సైట్ చిన్నది, రోజుకొక్క ఫైల్ కావాలంటే టార్. సైట్ పెద్దది, రోజూ మారేది కొంచెమే అంటే ఆర్‌సింక్.

టార్ ఇట్ల: టార్, డాష్ సి జెడ్ ఎఫ్, బ్యాకప్ ఫైల్ పేరు తేదీతో సహా, తర్వాత ఎక్స్‌క్లూడ్‌లు, తర్వాత డాష్ పెద్ద సి, స్లాష్ వార్ స్లాష్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ, చివర సైట్ ఫోల్డర్ పేరు. ఆ పెద్ద సి ఎందుకంటే టార్ ముందు ఆ ఫోల్డర్‌కి పోయి అక్కడి నుంచి తీస్తది, రేపు విప్పేటప్పుడు పొడుగు దారి లేకుండా సైట్ ఫోల్డర్ ఒక్కటే వస్తది. ఎఫ్ అక్షరం చివర ఉండాలి, దాని వెనకాల ఫైల్ పేరే రావాలి. ఎఫ్, జెడ్ తారుమారు చేస్తే జెడ్ అనే పేరుతో ఫైల్ తయారైతది.

క్యాష్ ఫోల్డర్, సెషన్లు, లాగ్‌లు ఎక్స్‌క్లూడ్ చేయండి. లేకుంటే "మేం చదువుతుండంగనే ఫైల్ మారింది" అని టార్ మొత్తుకుంటది, ఎగ్జిట్ కోడ్ (పని ఎట్లయిందో కమాండ్ చివర చెప్పే నంబర్) 1 ఇస్తది. లైవ్ సైట్‌లో ఒక లాగ్ ఫైల్ గురించి ఆ మాట వస్తే పట్టించుకోవద్దు, కానీ ఏ ఫైలో చదవండి, కోడ్ ఫైల్ పేరో ప్లగిన్ ఫైల్ పేరో వస్తే ఆ టైమ్‌లో ఎవరో అప్‌డేట్ చేస్తున్నట్టు, మళ్లీ తీయండి. కోడ్ 2 వస్తే మాత్రం అది బ్యాకప్ కాదు.

లోడ్ తగ్గించడానికి కమాండ్ ముందు "నైస్ డాష్ ఎన్ 19" పెట్టండి, సీపీయూ మిగతావాళ్లకు ఇచ్చి మిగిలితేనే వాడుకుంటది. డిస్క్ కోసం "అయోనైస్ డాష్ సి 3" కూడా ఉంది కానీ అది అన్ని డిస్క్ షెడ్యూలర్ల మీద పని చేయదు, పెట్టి వదిలేయకుండా పక్కన ఇంకో విండోలో "టాప్" తెరిచి చూస్తుండండి.

ఆర్‌సింక్‌కి వద్దాం. "డాష్ ఏ" ఇస్తే పర్మిషన్లు, ఓనర్, టైమ్, లింకులు అన్నీ కలిపి పట్టుకుంటది (ఓనర్ నిలవాలంటే అందుకునే వైపు రూట్ ఉండాలి). ఇందులో మూడు ముచ్చట్లు గట్టిగా గుర్తుపెట్టుకోండి.

సోర్స్ చివర స్లాష్ పెడితే లోపలి సరుకు పోతది, పెట్టకపోతే ఫోల్డర్ ఫోల్డరే పోతది. ఒకరోజు పెట్టి ఒకరోజు పెట్టకపోతే అవతల ఫోల్డర్లో ఫోల్డర్ తయారై రెండు కాపీలు కూర్చుంటయి.

"డిలీట్" ఆప్షన్ అంటే సోర్స్‌లో లేనిది అవతల కూడా తీసెయ్ అని. సోర్స్ డిస్క్ మౌంట్ కాక ఖాళీ ఫోల్డర్ కనబడిందనుకోండి, ఆర్‌సింక్ "ఓహో అన్నీ తీసేసిన్రా" అనుకుని మీ బ్యాకప్ మొత్తం ఊడ్చేస్తది. సోర్స్, డెస్టినేషన్ తిరగేసి రాస్తే ఇంకా ఘోరం, లైవ్ సైటే పోతది. అందుకే కొత్త కమాండ్ రాసిన ప్రతిసారి ముందు "డాష్ ఎన్" పెట్టి ఉత్త రిహార్సల్ చూడండి, ఏం కాపీ అయితదో ఏం డిలీట్ అయితదో "డాష్ వి" తో లిస్ట్ వస్తది. లిస్ట్ నచ్చితేనే ఎన్ తీసి కొట్టండి.

బ్యాండ్‌విడ్త్ ఆపడానికి "బీడబ్ల్యూలిమిట్" ఇస్తరు, అందులో నంబర్ సెకనుకి కిలోబైట్లలో. 5000 అంటే దాదాపు సెకనుకి 5 ఎంబీ. మెగాబిట్లు అనుకుని 50 అని పెట్టినోళ్ల బ్యాకప్ తెల్లారినా అయిపోదు.

ఎగ్జిట్ కోడ్ 24 వస్తే భయపడకండి, మొదట్లో లిస్టులో ఉన్న ఫైల్ కాపీ చేసే టైమ్‌కి మాయమైందని అర్థం, లైవ్ సర్వర్‌లో మామూలే.

రోజువారీ పాత కాపీలు కూడా కావాలంటే "లింక్ డాష్ డెస్ట్" అనే ఆప్షన్‌కి నిన్నటి ఫోల్డర్ చూపించండి. మారని ఫైళ్లు హార్డ్ లింకులుగా పడతయి, ప్రతి తేదీ ఫోల్డర్ నిండుగా కనబడతది కానీ జాగా మారినవాటికే పోతది. కాకపోతే ఆ ఫోల్డర్లలోకి పోయి ఫైల్ ఎడిట్ చేయకండి, అన్ని తేదీల వెనక ఉన్నది ఒక్కటే ఫైల్.

ఫైల్‌జిల్లాతో డౌన్‌లోడ్ చేసుకుంటే చాలదా అంటరు. అత్యవసరానికి చాలు. కానీ విండోస్‌లోకి దిగంగనే ఓనర్లు, పర్మిషన్లు పోతయి, లింకులు పోతయి. ముందు సర్వర్ మీద టార్ చేసి ఆ ఒక్క ఫైల్ దింపుకోండి. పెన్‌డ్రైవ్ ఎఫ్‌ఏటీ32 లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌కి మార్చుకోండి లేదా "స్ప్లిట్" తో ముక్కలు చేయండి.

7. సర్వర్ బయటికి పంపండి

అదే సర్వర్ మీద ఉన్న కాపీ పొరపాటున డిలీట్ చేసిన ఫైల్ కోసం పనికొస్తది, అంతే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్‌లో మంటలు లేచి ఒక బిల్డింగే బూడిదైంది, బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్నోళ్లకు రెండూ పోయినయి. మీ సర్వర్ అమెజాన్ హైదరాబాద్ రీజియన్‌లో ఉందనుకోండి (2022 నవంబర్ నుంచి ఉంది), ఒక కాపీ ముంబై రీజియన్‌లో పెట్టండి, ఇంకోటి ఇంట్లో డిస్క్‌లో.

ఎవరు ఎవరి దగ్గరికి పోవాలి అన్నది కూడా ఆలోచించండి. లైవ్ సర్వరే బ్యాకప్ సర్వర్‌లోకి లాగిన్ అయి పంపుతుంటే, రేపు సైట్ హ్యాక్ అయితే వాడి చేతికి బ్యాకప్ సర్వర్ తాళం కూడా వచ్చినట్టే. వీలైతే బ్యాకప్ మెషినే వచ్చి లాక్కోవాలి, లైవ్ సర్వర్‌కి అటువైపు దారే తెల్వొద్దు. క్లౌడ్ స్టోరేజ్ అయితే వర్షనింగ్ (మారిన ఫైల్ పాత కాపీ కూడా ఉంచే సెట్టింగ్) ఆన్ చేసి, సర్వర్‌కి ఇచ్చే కీకి డిలీట్ హక్కు ఇవ్వకండి. పంపే ముందు "జీపీజీ డాష్ సి" తో పాస్‌ఫ్రేజ్ పెట్టి లాక్ చేయండి, ఆ పాస్‌ఫ్రేజ్ అదే సర్వర్‌లో మాత్రమే రాసిపెట్టుకోకండి, సర్వర్ పోయినరోజు బ్యాకప్ కూడా తెరుచుకోదు.

8. చేతికొచ్చింది బ్యాకప్పేనా చూడండి

- సైజు: నిన్నటితో పోల్చండి. సగానికి తగ్గితే ఏదో వదిలేసింది.
- "జీజిప్ డాష్ టి": ఫైల్ మధ్యలో తెగిందా లేదా చెప్తది. ఏమీ అనకపోతే బాగున్నట్టు.
- డంప్ చివరి లైన్: "జెడ్‌క్యాట్" తో తెరిచి "టెయిల్" పెట్టి చూడండి, "డంప్ కంప్లీటెడ్" అని ఉండాలి. లేకుంటే సగం డంప్.
- "టార్ డాష్ టి జెడ్ ఎఫ్": లోపలి లిస్ట్ చూపిస్తది. అప్‌లోడ్స్ ఫోల్డర్లో ఈ నెల ఫోటోలున్నయా, డబ్ల్యూపీ-కాన్ఫిగ్ ఉందా వెతకండి.
- "షా256సమ్": సర్వర్ మీద ఒకసారి, దింపుకున్నాక ఒకసారి. రెండు నంబర్లు ఒకటే ఉంటే దారిలో చెడలేదు.

9. రీస్టోర్ చేసి చూడండి

పైన అన్నీ పాసైనా ఇది చేయకపోతే నేను దాన్ని బ్యాకప్ అనను. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో (ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్ నడిపే కంపెనీ) ఒక ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డరే తీసేసిండు. రోజూ డంప్ తీసి క్లౌడ్‌కి పంపే ఏర్పాటు వాళ్లకుంది. పోయి చూస్తే అక్కడ ఏమీ లేదు, డంప్ టూల్ వర్షన్‌కీ డేటాబేస్ వర్షన్‌కీ పొసగక ఫెయిల్ అవుతూ వస్తోంది, ఫెయిల్ అయిందని చెప్పే మెయిళ్లు కూడా అవతల రిజెక్ట్ అయి ఎవరికీ చేరలేదు. ఆరు గంటల కింద వేరే పని కోసం తీసిన ఒక స్నాప్‌షాట్ (ఆ క్షణంలో డిస్క్ ఎట్లుందో అట్ల తీసిన కాపీ) ఉండబట్టి బయటపడ్డరు. అంత పెద్ద కంపెనీలోనే అట్లైంది.

రీస్టోర్ టెస్ట్ లైవ్ సర్వర్ మీద చేయకండి, టెస్ట్ మెషిన్‌లో చేయండి. ఫైళ్లు విప్పండి (రూట్‌గా విప్పితేనే ఓనర్లు సరిగ్గా వస్తయి), కొత్త పేరుతో ఖాళీ డేటాబేస్ చేసి డంప్ ఎక్కించండి. ఇక్కడ మోసపోయే చోట్లు:

డంప్ తీసేటప్పుడు "డేటాబేసెస్" అనే ఆప్షన్ పెట్టి ఉంటే డంప్ లోపలే "యూజ్ ఫలానా డేటాబేస్" అని రాసి ఉంటది. మీరు టెస్ట్ అనే పేరు ఇచ్చినా అది పట్టించుకోదు, లోపల రాసి ఉన్న పేరులోకే పోసేస్తది, టేబుళ్లు కొట్టేసి మళ్లీ కడతది. అదే సర్వర్ మీద టెస్ట్ చేస్తుంటే అది లైవ్ డేటాబేసే. ఎక్కించే ముందు మొదటి కొన్ని లైన్లు తెరిచి చదవండి.

విప్పిన డబ్ల్యూపీ-కాన్ఫిగ్‌లో లైవ్ డేటాబేస్ అడ్రసే ఉంటది. డేటాబేస్ వేరే హోస్ట్‌లో ఉన్నోళ్లు ఇది మార్చకపోతే టెస్ట్ సైట్‌లో చేసే ప్రతి గెలుకుడు లైవ్‌లో పడతది.

వర్డ్‌ప్రెస్ తన అడ్రస్ డేటాబేస్‌లో దాచుకుంటది. టెస్ట్ సైట్ తెరిస్తే అది మిమ్మల్ని గప్‌చుప్‌గా అసలు సైట్‌కి పంపిస్తది, మీరు అసలు సైట్ చూసి "రీస్టోర్ సూపర్ వచ్చింది" అనుకుంటరు! టెస్ట్ కాన్ఫిగ్‌లో హోమ్ యూఆర్‌ఎల్, సైట్ యూఆర్‌ఎల్ మార్చండి, లేకుంటే మీ లాప్‌టాప్ హోస్ట్స్ ఫైల్లో డొమైన్‌ని టెస్ట్ ఐపీకి తిప్పండి. అనుమానం ఉంటే టెస్ట్‌లో ఒక పేజీ హెడ్డింగ్ మార్చి, ఫోన్ మొబైల్ డేటాలో అసలు సైట్ తెరిచి చూడండి.

టెస్ట్ మెషిన్ నుంచి మెయిళ్లు, ఎస్‌ఎంఎస్‌లు, పేమెంట్ కీలు ఆపేయండి. పాత ఆర్డర్లకు కస్టమర్లకు మళ్లీ మెసేజ్‌లు పోతే దుకాణం సేటుకు సమాధానం చెప్పలేరు.

ఇక చూడాల్సింది: లాగిన్ అయితోందా, నిన్న ఎక్కించిన ఫోటో కనబడుతోందా, తెలుగు పేజీ తెలుగులోనే ఉందా, ఎమోజీ ఎమోజీలాగే ఉందా, ఆఖరి ఆర్డర్ నంబర్ ఎంత. మొత్తం ఎంతసేపు పట్టిందో కూడా రాసుకోండి, సైట్ నిజంగా పడినరోజు ఓనర్ మొదట అడిగేది అదే.

10. క్రాన్‌లో పెట్టుడు

చేత్తో ఒకసారి సరిగ్గా వచ్చినాకే క్రాన్‌లో పెట్టండి. చేత్తో నడిచింది క్రాన్‌లో నడవకపోతే ఎక్కువసార్లు కారణం రెండింట్లో ఒకటి. క్రాన్‌కి పాత్ (కమాండ్ల కోసం వెతికే ఫోల్డర్ల లిస్ట్) చాలా చిన్నది, కమాండ్లకు పూర్తి దారి రాయాలి. రెండోది, తేదీ కోసం రాసే % గుర్తుని క్రాన్ కొత్త లైన్ అనుకుంటది, దాని ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి. మొత్తం ఒక స్క్రిప్ట్‌లో రాసి క్రాన్‌లో స్క్రిప్ట్ పేరే పెడితే ఈ గోల ఉండదు.

నిన్నటిది ఇంకా నడుస్తుండంగనే ఇవ్వాల్టిది మొదలైతే రెండూ కలిసి సర్వర్‌ని మోకాళ్ల మీద కూర్చోబెడతయి, ఒకటి నడుస్తుండగా ఇంకోటి మొదలుకాకుండా ఆపే "ఎఫ్‌లాక్" పెట్టండి.

పాతవి తీసేసే లైన్ విషయంలో జాగ్రత్త. "7 రోజులు దాటినవి తీసెయ్" అని విడిగా పెడతరు, మధ్యలో బ్యాకప్ ఫెయిల్ అవుడు మొదలైతే కొత్తవి రావు, పాతవి మాత్రం టైమ్ ప్రకారం పోతూనే ఉంటయి, ఎనిమిదో రోజుకి ఫోల్డర్ ఖాళీ. కొత్తది వచ్చి 8వ స్టెప్పు చెక్‌లు పాసైతేనే పాతది పోవాలి. మెసేజ్ కూడా ఫెయిల్ అయినప్పుడే కాదు, సక్సెస్ అయినప్పుడు కూడా సైజుతో సహా మీ ఫోన్‌కి రావాలి. మెసేజ్ రాని రోజు పోయి చూడండి.

"మా హోస్టింగ్‌లో రోజూ స్నాప్‌షాట్ వస్తది గదా, ఇదంతా ఎందుకు" అని అడిగేటోళ్లు కూడా ఉన్నరు. స్నాప్‌షాట్ మంచిదే, ఆన్ చేసే ఉంచండి, సర్వర్ మొత్తం లేపడానికి దానంత తొందరైంది లేదు. కానీ నడుస్తున్న డేటాబేస్‌కి అది కరెంటు పోయిన క్షణం లాంటిది, ఇన్నోడీబీ మామూలుగా లేచి నిలబడతది, మైఐఎస్‌ఏఎం టేబుళ్లకు రిపేర్ పడొచ్చు. ఒక్క ఫోటోనో ఒక్క టేబులో కావాలన్నా మొత్తం డిస్క్ లేపాలి. పైగా అది అదే అకౌంట్‌లో ఉంటది, కార్డు ఎక్స్‌పైర్ అయి బిల్లు కట్టక అకౌంట్ మూతపడితే సర్వర్‌తో పాటు స్నాప్‌షాట్లు కూడా పోతయి.